రావిచెట్టింటి షెడ్డు, కుంపటి పొగ, పురుగుల మేత: ఎవరెవరు వస్తారో ఇక్కడే చెప్పండి

తూర్పు బావి | గురువారం ఉదయం

ముందుగానే చెప్తున్నా, ఇద్దరూ ప్రాణాలతో ఉన్నారు, సిటీలో ఉన్నవాళ్ళు టెన్షన్ పడి పనులు మానుకుని పరిగెత్తుకు రావద్దు.

రావిచెట్టింటి మామ, అత్త రాత్రి పట్టుపురుగుల షెడ్డులోనే పడుకున్నారు. పురుగులు నాలుగో జ్వరం (మేత మానేసి పొర విడిచే నిద్ర) లేచి రెండో రోజు, మేత మీదున్నాయి, తెల్లవారుజామున చలికి సరిగా తినడం లేదని బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు, కిటికీలు అన్నీ మూసేశారు. పొద్దున వాళ్ళ పాలు డైరీకి (పాల కేంద్రానికి) రాలేదు, ఆవు చూస్తే పితకకుండా అరుస్తూనే ఉంది. డైరీలో పాలు కొలిచే అక్కకు అనుమానం వచ్చి షెడ్డు దాకా వెళ్ళి పిలిచింది, పలుకు లేదు. కిటికీ తెరలోంచి చూస్తే ఇద్దరూ చాప మీద వాంతి చేసుకుని పడి ఉన్నారు. ఆ అక్క కేకలకు మేమంతా పోయి తలుపు గడియ విరగ్గొట్టి బయట అరుగు మీదికి మోసుకొచ్చాం. గాలి తగలగానే అత్త కళ్ళు తెరిచింది, మామకు ఇంకాసేపు పట్టింది. 108 వచ్చి దేవనహళ్ళి తీసుకెళ్ళారు, అక్కడినుంచి బెంగళూరు సిటీకి పంపారు.

ఇప్పుడు షెడ్డులో నూట యాభై గుడ్ల పంట ఉంది (మన లెక్కలో ఒక గుడ్డు అంటే ఒక చిలుక పెట్టిన గుడ్లన్నీ కలిపి), అంటే అరవై వేలకు పైగా పురుగులు. రోజుకు మూడు మేతలు పడాలి. ఒక్క రోజు కడుపు ఎండగడితే పంట పోయినట్టే. వాళ్ళ పాప వచ్చే నెల పదో తరగతి పరీక్షలు రాయాలి, ఇంట్లో ఇంకెవరూ లేరు. ఎవరు ఏ పూట రాగలరో రాయండి.

మారతహళ్ళి నర్సు | గురువారం ఉదయం

నేను డ్యూటీలో ఉన్నా, అయినా ఇది వెంటనే రాయాలి, ఎందుకంటే మన హోబళిలో (చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో) ఈ చలికి ఎన్ని ఇళ్ళల్లో కుంపటి పెడతారో నాకు తెలుసు.

బొగ్గులు కాలేటప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, కళ్ళు మండవు. పొగ కనపడలేదు కాబట్టి ఏం కాదు అనుకుంటాం, అసలు ప్రమాదం అక్కడే. బొగ్గులు ఎర్రగా అయిపోయి పొగ ఆగిపోయాక, పైన బూడిద కప్పాక కూడా అది వస్తూనే ఉంటుంది. పక్కన చెంబుతో నీళ్ళు పెడితే పీల్చేసుకుంటుందని మా అమ్మ కూడా అంటుంది, అది నిజం కాదు, ఆ గాలి నీళ్ళల్లో కలవదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి. నిద్రలో ఉంటే ఇవేవీ తెలియకుండానే స్పృహ పోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. కోవిడ్ అప్పుడు కొన్న వేలికి పెట్టే ఆక్సిమీటర్ చాలా ఇళ్ళల్లో ఉంది కదా, ఇలాంటి కేసులో అది 98 చూపించినా నమ్మకండి. రక్తంలో ఆక్సిజన్ ఉన్నచోట ఆ విషవాయువు కూర్చుంటే ఈ మిషన్ తేడా పట్టలేదు. మనిషిని వెంటనే బయటికి తీసుకురావడం, 108కి ఫోన్ చేయడం, ఆసుపత్రిలో మాస్కుతో నిండు ఆక్సిజన్ ఇవ్వడం, ఇదే వైద్యం. ఊరికే గాలిలో కూర్చోబెడితే రక్తంలోంచి అది సగం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కు పెడితే గంట, గంటన్నరలో దిగుతుంది. ఇంటికి వచ్చాక కూడా కొన్ని వారాలు చూసుకోవాలి, కొందరికి ఆలస్యంగా మతిమరుపు, తికమక మొదలవుతాయి. అత్త వాళ్ళింటికి వెళ్ళే ప్రతివాళ్ళూ ఇది గుర్తుపెట్టుకోండి, మాట తడబడితే నాకు ఫోన్ చేయండి.

డైరీ అక్కకు నా దండాలు. ఆవు అరుపు విని ఆగిపోకుండా లోపలికి వెళ్ళింది చూడండి, అందుకే ఈ రోజు ఇద్దరున్నారు.

రాగికళ్ళం | గురువారం మధ్యాహ్నం

పొద్దుటి మేత నేను, మా తమ్ముడు వేసేశాం. ఆకు రాత్రిదే కోసి తడి గోనెపట్టా కింద ఉంది, సరిపోయింది. సాయంత్రానికి కొత్తగా కోయాలి. మా రాగి కుప్ప ఇంకా నూర్చలేదు, రేపు ట్రాక్టర్ చెప్పి పెట్టుకున్నా, దాన్ని వచ్చే వారానికి మార్చేశా. కుప్ప ఎక్కడికీ పోదు, పైన టార్పాలిన్ కప్పి ఉంది.

కూలీలను పెడదాం అనేవాళ్ళకు ఒక మాట. ఇప్పుడు కూలీలు దొరకరు, ఒకవైపు రాగి నూర్పిళ్ళు, ఇంకోవైపు బెంగళూరు బ్లూ ద్రాక్ష కోతలు. దొరికినా పురుగు పని తెలిసినవాళ్ళు కావాలి. మనమే చేయాలి.

చంద్రిక | గురువారం మధ్యాహ్నం

మా ఇంట్లో పట్టుపురుగులు మూడు తరాలుగా పెడుతున్నాం కాబట్టి చెప్తున్నా, కొత్తగా వచ్చేవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి.

పురుగు జీవితమంతా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైనే ఈ ఆఖరి వారంలో తింటుంది. కాబట్టి తక్కువ వేస్తే పట్టుగూడు పలచన. అలాగని పొద్దున్నే పోయి మంచుతో తడిసిన ఆకు కోసి వేయకండి, తడి ఆకు, చలి రెండూ కలిస్తే సున్నకట్టు రోగం వస్తుంది, పురుగు బిర్రబిగిసి తెల్లగా సున్నం పూసినట్టు అయిపోతుంది, ఒకదానికి వస్తే పక్క పురుగులకూ అంటుతుంది. ఈ కాలంలో ఎనిమిది దాటి మంచు ఆరాక కోయాలి, మళ్ళీ సాయంత్రం ఎండ తగ్గాక. కోసిన కొమ్మలు కుప్పగా పోస్తే లోపల వేడెక్కి వాడిపోతాయి, నిలబెట్టి పైన తడి పట్టా కప్పాలి. మేతకు అరగంట ముందు పురుగుల పడక మీద పలచగా సున్నం పొడి చల్లాలి, గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికి రావాలి.

ద్రాక్షతోటకు మందు కొట్టిన చేతులతో, ఆ బట్టలతో షెడ్డు దగ్గరికి కూడా రావద్దు. ఆకు, వక్క, పొగాకు నమిలేవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పొగాకు తగిలితే పురుగు చచ్చిపోతుంది. దోమల కాయిల్ వద్దు, అగరొత్తి కూడా వద్దు.

వేడి సంగతి. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీలు చాలు. ఈ వయసులో వేడికన్నా గాలి ముఖ్యం, అరవై వేల పురుగులు ఊపిరి పీల్చే గది అది. రాత్రి గాలివాటు కిటికీలు మూసి, ఎదుటివైపు పై కిటికీలు తెరిచే ఉంచండి, పురుగు ఒంటి మీద గుడ్లు పెట్టి చంపే ఊజీ ఈగ రాకుండా నైలాన్ తెర ఉంది, భయం లేదు. కుంపటి లోపలికి పోకూడదు. మా ఇంట్లో ఉన్న కరెంటు హీటర్ సాయంత్రం పంపిస్తాను.

మూలింటి కోడలు | గురువారం సాయంత్రం

పాప మా ఇంట్లో ఉంది. పొద్దున్నుంచి ఒక్క ముద్ద తినలేదు, ఇప్పుడు కాస్త తిన్నది. ప్రిపరేటరీ పరీక్షలు జరుగుతున్నాయి, రేపు లెక్కలు, కానీ నేను బడికి పోను, పురుగులకు ఆకు వేస్తా అని పట్టుబట్టింది. ఈ పంట మీదే వాళ్ళ నాన్న పీయూసీ (ఇంటర్) ఫీజు కడతానన్నాడంట, అందుకే దాని భయం. దాన్ని కూర్చోబెట్టి చెప్పా, నువ్వు పరీక్ష రాయి తల్లీ, పురుగుల సంగతి ఊరు చూసుకుంటుంది అని. అన్నాను కాబట్టి చూసుకోవాలి మనమంతా. ఎవరైనా రాలేకపోతే ముందు రోజే చెప్పండి, ఆ పిల్లకు నేను అబద్ధం చెప్పినట్టు కాకూడదు.

పని చేసేవాళ్ళకు రెండు పూటలా అన్నం మా ఇంట్లోనే. అనపకాయల కాలం అయిపోవస్తోంది, ఉన్నవి ఆఖరి కాపు, నానబెట్టి పితికి పెట్టాను. రేపు పితికిపప్పు పులుసు, రాగిసంకటి.

ఎయిర్‌పోర్ట్ క్యాబ్ | గురువారం రాత్రి

ఆసుపత్రి నుంచి రాస్తున్నా. మామ మాట్లాడుతున్నాడు. మొదటి మాటే "ఆకు వేశారా" అని. వేశారు మామా అని మీరు పెట్టిన ఫోటో చూపించా, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అత్తకు తలనొప్పి తగ్గలేదు కానీ నడుస్తోంది. ఇద్దరికీ మాస్కు పెట్టారు, రేపు మళ్ళీ రక్తపరీక్ష చేస్తామన్నారు.

రాత్రి మేత నాకు ఇవ్వండి. పదింటికి డ్యూటీ దిగి నేరుగా వస్తా. నాకు పురుగు పని తెలుసు, చిన్నప్పుడు చేసిందే.

నందికొండ | శుక్రవారం ఉదయం

సాయం సంగతి సరే, నేను కూడా ఆదివారం వస్తా. కానీ పెద్దవాళ్ళు దీన్ని ఒకసారి ఆలోచించాలి. ఊళ్ళో యాభై గడపల్లో సగం తాళాలు వేసి ఉన్నాయి, ఎయిర్‌పోర్ట్ వచ్చాక భూములమ్మి కొందరు, ఉద్యోగాలకని కొందరు వెళ్ళిపోయారు. ఉన్న నలుగురి మీదే అంతా పడుతోంది. అన్నీ వదిలేసి పురుగుల్ని ఇంకో రైతుకు అమ్మేయొచ్చు కదా, వచ్చిన కాడికి వస్తుంది.

చంద్రిక | శుక్రవారం ఉదయం

తమ్ముడూ, ఐదో వయసు (ఆఖరి దశ) పురుగును ఎత్తి ఇంకో ఊరికి తీసుకెళ్తే దారిలోనే సగం దెబ్బతింటాయి. కొనేవాడికి కూడా ఆకు ఉండాలి, ఎవరి తోట వాళ్ళ పంటకే సరిపోతుంది ఈ కాలంలో. ఆ రేటుకు అమ్మితే మొదట కొన్న చాకీ (పిల్ల) పురుగుల డబ్బు కూడా రాదు. ఐదారు రోజుల పని. నువ్వు ఆదివారం రా, చాలు.

తూర్పు బావి | శుక్రవారం మధ్యాహ్నం

ఇది రాయడానికి మనసు రావడం లేదు, అయినా రాస్తున్నా. టీ అంగడి దగ్గర ఒకరిద్దరు అప్పుల మాట తీశారు, వాళ్ళే కావాలని తలుపులు మూసుకున్నారని. నేను ఆ తలుపు విరగ్గొట్టినవాణ్ణి. పక్కనే మధ్యాహ్నానికి కోయాల్సిన ఆకు లెక్క రాసిన చీటీ ఉంది, పాప లంచ్ డబ్బాకు కడిగి పెట్టిన గిన్నె ఉంది. దయచేసి ఆ మాట ఎవరి నోట విన్నా అక్కడే ఆపండి. ఆ పిల్ల రేపు బడిలో ఇది వినకూడదు.

మూలింటి కోడలు | శుక్రవారం మధ్యాహ్నం

ఆ అన్నదెవరో నాకు తెలుసు, వాళ్ళ గడపకే పోయి మాట్లాడి వచ్చా. ఇంక అనరు.

లెక్కల పరీక్ష బాగా రాసిందంట.

రిటైర్డ్ మాస్టారు | శుక్రవారం రాత్రి

మన పెద్దలు కుంపటి పెట్టుకున్నారు, వాళ్ళకు ఏమీ కాలేదు, ఇప్పుడేమిటి అని పొద్దున ఒకాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఈ ఊళ్ళో పిల్లలకు పాఠం చెప్పే రోజుల్లో అన్నీ పెంకుటిళ్ళు, పూరిళ్ళు. పెంకుల మధ్య సందులు, చూరు కింద ఖాళీ, గాలి దానంతట అదే పోయేది. ఇప్పుడు సిమెంటు స్లాబు, అల్యూమినియం కిటికీలు, తలుపు కింద సందు కూడా ఉండదు. షెడ్డులో అయితే చలికి లోపల ప్లాస్టిక్ షీటు కూడా కడుతున్నారు. నిప్పు పాతదే, ఇల్లు మారింది. ఆ పాత అలవాటును ఈ కొత్త ఇంట్లోకి తెచ్చుకోలేం.

చలి కూడా మనకు కొత్త కాదు. బెంగళూరులో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైంది, ఇప్పటికీ అదే రికార్డు. మన ఊరు సిటీకన్నా బయట, చుట్టూ పొలాలు, చెరువు, నంది కొండల గాలి, తెల్లవారుజామున ఎప్పుడూ ఒకటి రెండు డిగ్రీలు తక్కువే అనిపిస్తుంది. శివరాత్రికి శివశివా అంటూ చలి పోతుందంటారు కానీ ఆ లోపలి పది రోజుల్లోనే జనం అలిసిపోయి తలుపులు మూసుకుని పడుకుంటారు.

ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ ఇళ్ళు నాకు తెలిసి తొమ్మిది. రోజూ పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లి ఉన్నాయా లేదా చూస్తూ నడక పూర్తి చేస్తాను, నేను ఎలాగూ నడుస్తాను కాబట్టి. చల్లి లేకపోతే తలుపు కొడతాను.

పాలడబ్బా | శనివారం ఉదయం

మాస్టారూ, మా వీధి మూడిళ్ళు నాకు వదిలేయండి, నేను పాలు పోస్తూ చూస్తాను. మీకు మోకాలు నొప్పి, మెరక ఎక్కొద్దు.

రావిచెట్టింటి ఆవును నేనే పితుకుతున్నా, కొత్త మనిషి కదా మొదటి రోజు ఎగదన్నింది, ఇప్పుడు అలవాటైంది. పాలు వాళ్ళ పేరు మీదే డైరీలో రాయిస్తున్నా.

రాగికళ్ళం | ఆదివారం రాత్రి

ఈ రోజు షెడ్డు దగ్గర జనం చూస్తే నాకు గొంతు పట్టేసింది. సిటీ నుంచి నాలుగు బండ్లు వచ్చాయి. వైట్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ పని చేసే పిల్లలు పొద్దున మంచు ఆరేదాకా గట్టు మీద కూర్చుని, ఆరగానే కొడవలి పట్టుకుని తోటలో దిగారు. నందికొండ తమ్ముడు తన టెంపో కూడా తెచ్చాడు, చంద్రిక అక్క వాళ్ళ తోట నుంచి తక్కువ పడిన ఆకు అందులోనే తెచ్చాం. మామ, అత్త మధ్యాహ్నం డిశ్చార్జ్ అయి వచ్చారు. మామ నేరుగా షెడ్డులోకి వెళ్ళబోతే అత్త చెయ్యి పట్టుకుని ఆపి అరుగు మీద కూర్చోబెట్టింది. అక్కడినుంచే ఏ తట్టు పడకలో ఎంత వేయాలో చెప్తూ కూర్చున్నాడు.

అడిగినవాళ్ళకు, రాగి మద్దతు ధర 2025-26 సీజన్‌కు క్వింటాలుకు 4,886 రూపాయలుగా ప్రకటించారు. ఫ్రూట్స్ ఐడీ (కర్ణాటకలో రైతు నమోదు నంబరు) ఉండాలి, ఐడీలో సర్వే నంబరు, పంట సరిగా ఎక్కి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, కొనుగోలు కేంద్రానికి పోయాక తిరిగి రావడం కష్టం.

చంద్రిక | బుధవారం సాయంత్రం

పురుగులు పండాయి. ఒళ్ళు తేనెరంగులోకి మారి మేత మానేసి తల ఎత్తి వెతుకుతున్నాయి. పొద్దున్నుంచి ఏరి చంద్రికల (గూళ్ళు కట్టుకునే వెదురు తట్టల) మీద వేస్తున్నాం, ముప్పావు వంతు అయింది. రాత్రికి ఎక్కువ మంది కావాలి, ఆలస్యమైతే పడకలోనే పట్టు కక్కేస్తాయి. వేసిన చంద్రికలు గాలి ఆడేచోట పెట్టాలి, ఎండ తగలకూడదు. సున్నకట్టు ఎక్కడా కనపడలేదు, పాడైన పురుగులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే, తీసి పడేశాం.

ఎయిర్‌పోర్ట్ క్యాబ్ | బుధవారం రాత్రి

బయల్దేరా. ఇద్దరు ఫ్రెండ్స్‌ని కూడా తెస్తున్నా, వాళ్ళకు పని తెలియదు, చూపిస్తే చేస్తారు. చేతులు కడిగించే బాధ్యత నాది.

మారతహళ్ళి నర్సు | శనివారం మధ్యాహ్నం

నిన్న వచ్చి ఇద్దర్నీ చూశా. మామ బాగున్నాడు. అత్త రెండు మూడు మాటలు మర్చిపోతోంది, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయిందంట. భయపెట్టడం లేదు, కానీ దీన్ని వదిలేయకూడదు, సోమవారం నరాల డాక్టర్‌కు చూపిస్తున్నాం, అపాయింట్‌మెంట్ తీసుకున్నా. అప్పటిదాకా అత్తను ఒంటరిగా పొయ్యి దగ్గర వదలకండి.

నేను మాట్లాడి చూసిన షాపులో కార్బన్ మోనాక్సైడ్ అలారం దొరుకుతుంది, బ్యాటరీతో పనిచేస్తుంది, గోడకు పెట్టుకోవచ్చు. పురుగుల షెడ్లు ఉన్నవాళ్ళంతా కలిసి తీసుకుంటే మంచిది. అలారం ఉంది కదా అని మళ్ళీ కుంపటి లోపల పెట్టొద్దు.

మూలింటి కోడలు | సోమవారం ఉదయం

శివరాత్రి జాగారం ఈసారి గుడిలో కొందరు, షెడ్డు దగ్గర కొందరు. పిల్లలంతా రావిచెట్టు కిందే భజన చేశారు. అత్త అరుగు మీద దుప్పటి కప్పుకుని తెల్లారేదాకా మేలుకుంది. ఈ రోజు నందిలో భోగనందీశ్వరుడి తేరు, పోయేవాళ్ళు టెంపోలో పోవచ్చు, పదింటికి డైరీ దగ్గర నిలబడండి.

రావిచెట్టింటి పాప | బుధవారం రాత్రి

అందరికీ నమస్కారం. ఇది మా నాన్న చెప్తుంటే నేను రాస్తున్నా. గూళ్ళు ఈ రోజు శిడ్లఘట్ట మార్కెట్‌కు వేశాం. వంద కిలోలకు కాస్త తక్కువ వచ్చాయి. గూడు గట్టిగా ఉందని రీలర్లు (గూళ్ళ నుంచి పట్టుదారం తీసేవాళ్ళు) పోటీపడి వేలం పాడారు. నా ఫీజుకు, ఆసుపత్రి ఖర్చుకు సరిపోయాయి. నాన్న మీలో ఎవరికి ఎంత కూలి ఇవ్వాలో లెక్క రాయమన్నారు, మూలింటి అక్క ఆ కాగితం తీసుకెళ్ళిపోయింది.

అమ్మను డాక్టర్ చూశారు. మందులు రాశారు, నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. నిన్న నా పేరు, మా పెద్దమ్మ పేరు కలిపి పిలిచింది, ఈ రోజు సరిగ్గా పిలిచింది.

నాన్న ఇంకోటి రాయమంటున్నారు. రాగికళ్ళం మామ కుప్ప మా వల్ల ఆగిపోయింది. శుక్రవారం నూర్పిడి, మా ఇంటి నుంచి నాన్న వస్తారు. బరువు ఎత్తకూడదు కాబట్టి తూర్పార పడతారు.

రాగికళ్ళం | బుధవారం రాత్రి

మీ నాన్నను గొడుగు కింద కుర్చీ వేసి కూర్చోబెడతా, తూర్పార దుమ్ము ఆయన ఊపిరికి మంచిది కాదు. సంచులు లెక్కపెట్టడానికి ఒక మనిషి కావాలి, ఆ పని ఆయనది. ట్రాక్టర్ శుక్రవారం ఏడున్నరకు వస్తుంది, మంచు ఆరాక మొదలు పెడదాం, ఈసారి నూర్పిడికి కుప్ప రోడ్డు మీద వేయను, పోయినేడు దాని మీద బైకు జారి పడిన పిల్లాడి చెయ్యి ఇంకా పూర్తిగా లేవడం లేదు. పాత కళ్ళంలోనే. మనుషులు ఆరుగురు చాలు. తూర్పు బావి, నందికొండ, పాలడబ్బా వస్తామన్నారు, ఇంకా ముగ్గురు చెప్పండి.

ఎయిర్‌పోర్ట్ క్యాబ్ | బుధవారం రాత్రి

శుక్రవారం నాకు సెలవు. ఒకరు అయ్యారు.